రెండు ఊళ్ల రాజధానిలో మా అత్తా నేనూ

ఇటలీ వెళ్లొచ్చానంటే అందరూ ఒంగిన గోపురం గురించే అడుగుతున్నారు. చూడలేదు. పడవల్లో తిరిగే ఊరు? అదీ చూడలేదు. మేము చూసింది బూటులా ఉండే ఆ దేశం బొటనవేలు దగ్గరున్న కలాబ్రియా అనే ప్రాంతం. సరిగ్గా చెప్పాలంటే ఆ ప్రాంతపు ప్రభుత్వాన్ని. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఆ ప్రభుత్వం ఉన్న ఊరిని పట్టుకోవడానికి పరుగెత్తుతూ దారిలో కనిపించినవి. నోటితో చెబుదామంటే సగంలోనే నవ్వొచ్చి ఆగిపోతున్నాను. అందుకని పిల్లవాడు పడుకున్నాక కూర్చుని రాస్తున్నాను.

బయలుదేరే ముందు

నేను కర్నూలులో ఒక డిగ్రీ కాలేజీలో రాజనీతిశాస్త్రం చెబుతాను. మా జోయల్‌కు రెండున్నరేళ్లు. వాడు పుట్టాక నేను రాసినది ఒకే ఒక్క వ్యాసం, ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు మూడేళ్లు రాజధానిగా ఉన్న రోజుల గురించి. రాజధానులుగా వెలిగిన ఊళ్ల మీద కలాబ్రియాలో సదస్సు జరుగుతుందని తెలిసి, ధైర్యం చేసి పంపాను. రమ్మన్నారు! ఆ మెయిలు చదివి వంటింట్లో ఎగిరితే కుక్కర్ మూత కిందపడింది. ఆ చప్పుడుకు జోయల్ ఏడుపందుకున్నాడు.

ఆ వెంటనే దిగులు మొదలైంది. వాడు నన్ను వదిలి ఒక పూట ఉండడు. తీసుకుపోతే విమానంలో చెవి నొప్పి వస్తుందేమో, చలికి దగ్గు పట్టుకుంటుందేమో. సెలవు చీటీ మీద సంతకం పెడుతూ మా ప్రిన్సిపాల్ గారు, "పిల్లోడు పెద్దయినాక పోవచ్చు గదమ్మా, సదస్సులు యాడికి పోతాయి?" అన్నారు. ఆయన మంచిగానే అన్నారు. నాకు మాత్రం ముల్లు దిగినట్టయింది. అంత దూరం పోయి మాట్లాడకుండా తిరిగొస్తే ఆయన మాటే నిజమవుతుంది. అంతకంటే భయం, అది నిజమేనని నేనూ నమ్మేస్తానని.

మా ఆయన ప్రశాంత్‌కు సెలవు దొరకలేదు. తోడొస్తానన్నది ఆయన తల్లి, మా అత్త సంతోషమ్మ. ఆమెది కడప జిల్లా వేంపల్లె. చీనీ అనే బత్తాయిల తోట, ఎర్రగడ్డలనే ఉల్లిపాయల సేద్యం, ఆదివారం చర్చిలో ముందు వరస. సంఘం వాళ్లతో యెరూషలేముకు పోదామని పాస్‌పోర్టు చేయించుకుంటే ఆ యాత్ర ఆగిపోయింది.

"దేవుడు పాస్‌పోర్టు ఊరికే ఇప్పిచ్చినాడా మే? ఆ ఊరి పేరు ఏమంటివి?" అంది.

"రెజ్జో, అత్తా."

వెళ్లి పాస్టరు గారిని అడిగొచ్చింది. బైబిల్లో పౌలు ఓడ ఆగిన రేగియు అదేనని ఆయన చెప్పారట. ఇక ఆమెను ఆపడం ఎవరి తరం? సంచిలో సజ్జరొట్టెలు, చెనిక్కాయల పొడి, ఎర్రకారం సర్దేసింది. "పౌలుకు ఇట్లాంటివి కట్టిచ్చే అత్త లేకపాయె పాపం" అంది.

రైలులో కారం

రోము నుంచి కిందికి పోయే రైలుకు ఒక పక్కంతా సముద్రం. జోయల్ ప్రతి సొరంగంలోనూ కెవ్వుమన్నాడు. బయటికి రాగానే మళ్లీ చీకటి కావాలని ఇంకా గట్టిగా కెవ్వుమన్నాడు. ఎదుటి సీట్లో ఒక ముసలాయన, చేతులు చూస్తే సేద్యగాడని తెలుస్తోంది, కాగితం పొట్లం విప్పి మాకు రొట్టె చాపాడు. దాని మీద ఎర్రగా ఏదో పూసి ఉంది. పంది మాంసంలో ఎండుమిరపకాయలు నూరి కలిపినదట. అత్త కొరికి, కళ్లు పెద్దవి చేసింది.

"ఇంత కారం తినే తెల్లోళ్లు ఉండారా మే!"

బదులుగా చెనిక్కాయల పొడి ఆయన అరచేతిలో పోసింది. వద్దు వద్దని నేను సైగ చేస్తూనే ఉన్నాను. ఆయన అంతా ఒక్కసారి నోట్లో వేసుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. చేయి మళ్లీ చాపాడు. ఆ తర్వాత ఇద్దరూ రెండు భాషల్లో వానల గురించి మాట్లాడుకున్నారని నా అనుమానం. ఇద్దరూ ఆకాశాన్ని చూపించి తల అడ్డంగా ఊపుతున్నారు.

రెజ్జో

రెజ్జోలో సాయంత్రమయితే ఊరంతా సముద్రం ఒడ్డున నడుస్తుంది. ఎక్కడికీ పోరు. ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి, తెలిసినవాళ్లు ఎదురైతే ఆగి, చొక్కాలను మెచ్చుకుని మళ్లీ నడుస్తారు. మా కొండారెడ్డి బురుజు దగ్గర సాయంత్రాలు గుర్తొచ్చాయి. తేడా ఏమిటంటే ఇక్కడ బళ్ల హారన్లు లేవు, మిరపకాయ బజ్జీలు లేవు. నీళ్లకు అవతల ఒక ద్వీపం, దాని మీద పొగలు కక్కే కొండ. పొద్దున్నే రొట్టెలో ఐస్‌క్రీం పెట్టుకుని తింటారు! దగ్గొస్తుందని నేను కొంగుతో జోయల్ నోరు మూసేలోపు వాడు మా అత్తది కూడా లాక్కుని తినేశాడు. దగ్గు రాలేదు. నేను మాత్రం రెండు రోజులు వాడి ఛాతీకి చెవి ఆనించి విన్నాను.

కాఫీ చారెడు. దాని ధర రూపాయల్లో చెప్పగానే అత్త కప్పును కిందపెట్టింది. "ఈ దుడ్లకు మన కర్నూలు మార్కెట్‌లో తట్టెడు ఎర్రగడ్డలొస్తాయి గదా" అని, కప్పు మళ్లీ అందుకుని, "పోనీ, చల్లారిపోతాది" అని తాగేసింది.

ఇక్కడ ఆ ప్రాంతపు ప్రభుత్వం సంగతి చెప్పాలి. ఒక అధ్యక్షుడు, ఆయన ఎంచుకున్న మంత్రులు. వీళ్లందరినీ కలిపి జూంతా అంటారు. పాలించేది జూంతా. చట్టాలు చేసే సభ వేరు. వింత ఏమిటంటే సభ రెజ్జోలో ఉంది, జూంతా కతంజారో అనే వేరే ఊళ్లో ఉంది. మధ్య దూరం కర్నూలు నుంచి కడపకు పోయినంత. చాలా ఏళ్ల కిందట ప్రాంతాలకు ప్రభుత్వాలు ఏర్పడినప్పుడు రాజధాని మాకు కావాలంటే మాకు కావాలని పెద్ద గొడవలు జరిగి, చివరికి ఇట్లా పంచుకున్నారు. నేను వివరించగానే అత్తకు అంతా అర్థమైపోయింది.

"మన మాదిరే! పెద్ద ముక్క ఒకరికి, చిన్న ముక్క ఇంకొకరికి. చిన్న ముక్క ఎవరికిచ్చినారో చెప్పు."

"ఎవరినడిగినా మాకే అంటారత్తా."

సదస్సు రెజ్జోలోని సభా భవనంలో జరగాలి. రెండు రోజుల ముందు మెయిలొచ్చింది. సదస్సును కతంజారోకు, జూంతా ఉండే కట్టడానికి మార్చామని.

ఇంకెవరైనా అయితే ఆ పూటే కతంజారోకు రైలెక్కేవారు. మేము కర్నూలు వాళ్లం. మాకు హైకోర్టు వస్తుందన్నారు, న్యాయ రాజధాని అవుతుందన్నారు, లేదన్నారు, మళ్లీ వస్తుందన్నారు. మా వీధిలో ఒకాయన హైకోర్టు వకీళ్ల కోసమని మేడ మీద రెండు గదులు కూడా కట్టాడు. వాటిలో ఇప్పుడు ఎండుమిరపకాయలు ఆరబెడుతున్నారు. ఏదైనా ఆఫీసు మారుతుందంటే మా ఊళ్లో ఎవరూ మంచం మీంచి లేవరు.

"నిజంగా మారిందా?" అని నేను మెయిలు పెట్టాను. జవాబు రాలేదు. ఫోనులో ప్రశాంత్‌ను అడిగాను. "బోర్డు మారినాక చూద్దాంలే" అన్నాడు. అత్త అయితే ఇంకా తేల్చేసింది. "ఇట్లాంటివి శానా విన్యాం. ఆ బోర్డు ఈడనే ఉండాదా లేదా? నిన్న నేను చూసినా. పౌలు దిగిన ఊరిని ఇడిచి పెట్టి యాడికి పోతాము?"

అంత దిగులు పడేదాన్ని, ఆ ఒక్క విషయంలో హాయిగా నిద్రపోయాను.

ఖాళీ మెట్లు

సదస్సు రోజు పొద్దున పట్టుచీర కట్టుకుని, జోయల్‌కు కొత్త చొక్కా తొడిగి, సభా భవనం మెట్లెక్కాము. బోర్డు ఉంది. మనుషులు లేరు. లోపల కావలి ఆయన నా కాగితం చూసి, నన్ను చూసి, పట్టుచీరను చూసి, రెండు చేతులూ గాలిలోకి ఎత్తాడు.

"కతంజారో!"

నా వంతు మధ్యాహ్నం భోజనాల తర్వాత. దానికి అందే రైలు వెళ్లిపోయిందని ఆయన గడియారం చూపించి చెప్పాడు. ప్రిన్సిపాల్ గారి గొంతు అక్కడికి ఎట్లా వచ్చిందో, చెవిలో వినిపించింది.

"అత్తా, నిజంగానే మార్చినారు."

అత్త నమ్మలేదు. వెనక్కి నడిచి బోర్డును మళ్లీ చూసింది. "ఏం మనుషులప్పా వీళ్లు! చెప్పినారని మార్చేస్తారా?"

నాకు ఏడుపు, నవ్వు కలిసొచ్చాయి. అది చూసి జోయల్ నిజంగానే ఏడ్చాడు. ఆ ఏడుపుకు కావలి ఆయన కరిగిపోయి ఎవరికో ఫోను చేశాడు. ఆయనకొచ్చిన నాలుగు ఇంగ్లిషు ముక్కల్లో నాకర్థమైంది ఇది: ఇదే సదస్సుకు పోవాల్సిన ఒక మాజీ మంత్రి ఈ ఊళ్లోనే ఉంది. ఆమె ఇంకా బయలుదేరి ఉండదు. ఆమె ఏనాడూ వేళకు బయలుదేరలేదు.

మంత్రమ్మ కారు

వచ్చింది అరచేతంత కారు. ఒక తలుపుకు తాడు. దిగింది డెబ్భై దాటిన పొట్టి మనిషి, పెద్ద నల్ల కళ్లద్దాలు. పేరు లూచియా. ఒకప్పుడు బడిలో ఇంగ్లిషు చెప్పేదట, తర్వాత ఒక జూంతాలో వ్యవసాయ మంత్రి. నాకు ప్రాణం లేచొచ్చింది. అత్త మాత్రం కారు వెనక వీధి చివరి దాకా చూసింది.

"మంత్రి అంటాండావు. ముందర కార్లు, ఎనక కార్లు యాడ? గన్‌మెన్లు ఏరి? ఈమె మంత్రేనా, ఇంకెవరన్నానా?"

నేను తర్జుమా చేస్తే లూచియా స్టీరింగు మీద పడి నవ్వింది. "వెనక కార్లు ఉండాలంటే ముందు నా వెనక ఓట్లు ఉండాలిగా" అంది.

ఆ కారు ఎట్లా పోయిందో రాయను, మా అమ్మ ఇది చదువుతుంది. రెండు చేతులూ లేకుండా మాట్లాడటం లూచియాకు చేతకాదు. స్టీరింగు ఖాళీగా ఉన్నప్పుడల్లా నేను ప్రార్థన చేశాను. అత్త కూడా చేసింది, పైకే చేసింది.

ఆ దారి పొడుగునా లూచియా మాకు జూంతాల చరిత్ర చెప్పింది. పుస్తకాల్లో ఉన్నట్టు కాదు, ఎవరు ఎక్కడ ఆగేవారో చెబుతూ. సభ ఒక ఊళ్లో, ప్రభుత్వం ఒక ఊళ్లో కనుక అన్ని ప్రభుత్వాలూ ఈ రోడ్డు మీదే బతికాయట. మొదటి జూంతా వాళ్లకు ఇంత రోడ్డు లేదు. సముద్రం అంచున వంకరల్లో పోయి, చేపలు తిని, నిద్రపోయి, ఓటింగు అయిపోయాక చేరేవారు. ఆ కాలంలో అధ్యక్షుణ్ణి సభ్యులే ఎన్నుకునేవారు. ఒక సభ్యుడికి కోపమొస్తే ప్రభుత్వం పడేది. అందుకని ఎన్నో పార్టీలు కలిసిన ఒక జూంతా, ఏ పార్టీ వాడూ అలగకుండా, ప్రతి భాగస్వామి ఊళ్లోనూ ఆగి కాఫీ తాగేదట. "రెజ్జో చేరేసరికి వాళ్లు చేతులు వణికి సంతకాలు పెట్టలేకపోయేవారు" అంది. ఇప్పుడు అధ్యక్షుణ్ణి జనమే నేరుగా ఎన్నుకుంటారు.

"మరిప్పుడు ఆగరా?" అని అడిగాను.

"ఆగుతారు. కానీ ఫొటోలకు."

వంకరల్లో జోయల్ మొహం పాలిపోయింది. నాకు వాడి కడుపు సంగతి తెలుసు. నేను నా కొంగు దోసిలి పట్టాను. కొత్త చొక్కా, పట్టుచీర, సదస్సు! లూచియా ముందున్న అరలోంచి నిమ్మకాయ తీసి వెనక్కి విసిరింది. "వాసన చూపించు. మా అధ్యక్షుల్లో ఒకాయనకు ఇదే జబ్బు. నిమ్మకాయ మరిచిపోయిన రోజు బడ్జెట్ కాగితాలు మార్చాల్సి వచ్చింది."

వాసన చూశాడు. ఆగింది! ఆ అధ్యక్షుడు ఎవరో గానీ, నూరేళ్లు వర్ధిల్లాలి.

ఎర్రగడ్డల దగ్గర

సగం దారిలో లూచియా కారు ఆపింది. రోడ్డు పక్కన ఒక కొట్టు. పందిరి నిండా ఎర్రటి ఉల్లిపాయలు, జడల్లా అల్లి వేలాడదీశారు. "ఆలస్యమవుతోంది!" అన్నాను.

"ఇక్కడ ఆగకుండా నేను పోలేను" అంది ఆమె, మొదటిసారి చేతులు ఆడించకుండా. "మా జూంతా వయసు ఒక చలికాలం. సభలో ఓటింగుకని రెజ్జో పోతూ ఇక్కడే ఆగాను. బేరం చేసేటప్పుడు మంత్రిని. జడ తెచ్చి కారులో పెట్టేలోపు కబురొచ్చింది, మా ప్రభుత్వం పడిపోయిందని. ఆ కొట్టావిడ చిల్లర ఇస్తూ ఏమందో తెలుసా? 'రేపటి నుంచి మీకు ధర తగ్గిస్తానమ్మా' అంది."

అత్తకు తర్జుమా చేశాను. ఆమె నవ్వలేదు. లూచియా భుజం మీద చెయ్యి వేసింది. "ఓడిపోయినామని ఇంట్లో కూర్చోలే గదా ఈమె. కారేసుకొని తిరుగుతాండాది." తర్వాత ఒక గడ్డ తెంపి, చీర చెంగుతో తుడిచి, పచ్చిదే కొరికింది. నమిలింది. ఆగింది.

"మే సునీతా, ఇది ఎర్రగడ్డనా, చెరుకు ముక్కనా?"

అంత తియ్యగా ఉంది. కొట్టావిడ, ఆనాటి ఆవిడేనట, ధర చెప్పింది. ఒక్క జడకు చెప్పిన ధర వింటే మా మార్కెట్‌యార్డులో రేటు పడిపోయి ఎర్రగడ్డలు పారబోసిన రైతు ఇటలీకి నడిచే పోతాడు. అత్త బేరానికి దిగింది. తెలుగులో. నేను గడియారం చూపిస్తున్నాను, లాగుతున్నాను. "ఉండు మే, ఆయమ్మ దిగొస్తాండాది!" నిజంగానే దిగొచ్చింది. జడ మెడలో దండలా వేసుకుని అత్త కారెక్కింది. అక్కడి నుంచి కతంజారో దాకా మేము ఊపిరి బిగబట్టుకునే ఉన్నాము, కొంత వేగం వల్ల, కొంత వాసన వల్ల.

కతంజారో

జూంతా ఉండేది ఊరి బయట పెద్ద కొత్త కట్టడం. చుట్టూ ఎండిన గుట్టలు, మా కర్నూలు పక్కన ఓర్వకల్లు దగ్గర మాదిరే. మేము పరుగెత్తుకుంటూ లోపలికి పోయేసరికి భోజనాలు అయిపోయి అందరూ హాల్లోకి వెళ్తున్నారు. నన్ను చూసి నిర్వాహకుడు, "మెయిలు చూశారు కదా!" అని సంతోషపడ్డాడు. చూశానన్నాను. అబద్ధం కాదు. నా వంతును చివరికి జరిపాడు.

ఆ సందులో లూచియా మమ్మల్ని పై అంతస్తుకు తీసుకుపోయింది. కావలి వాళ్లందరూ ఆమెకు తెలుసు. జూంతా కూర్చునే గది తలుపు తీయించింది. పొడుగాటి బల్ల, చుట్టూ కుర్చీలు. మేము గోడలు చూస్తుండగానే జోయల్ అధ్యక్షుడి కుర్చీ ఎక్కేశాడు. నిమ్మకాయ బల్ల మీద పెట్టి, రెండు చేతులూ కుర్చీ చేతుల మీద వేసి కూర్చున్నాడు.

"దిగు నాన్నా."

"దిగను."

లూచియా అడిగింది, ఏమంటున్నాడని. చెప్పాను. ఆమె గోడకు ఆనుకుని నవ్వింది. "ఇందులో కూర్చున్న ప్రతివాడూ అదే అన్నాడు."

సభ్యుల కోపం లాంటిదేదో అవసరమైంది. అత్త ఎర్రగడ్డల జడ చూపించి ఆశపెడితే ఆ ప్రభుత్వం దిగింది.

హాల్లో మాట్లాడే ప్రతి ఒక్కరి ముందూ ఒక అట్టముక్క పెట్టారు, మనిషి పేరు, ఊరి పేరు, ఆ ఊరు ఎప్పటి నుంచి ఎప్పటి దాకా రాజధానో. నా దాని మీద నా పేరు, కర్నూలు. కింద ఏళ్లు లేవు. వేయడం మరిచిపోయారు. ఉత్త "రాజధాని" అని ఉంది.

సరిచేయమని చెప్పాలి. చదువుకున్నదాన్ని, చెప్పాల్సిన బాధ్యత ఉంది. చెప్పలేదు.

నా పేరు పిలవగానే జోయల్ నా చీర పట్టుకున్నాడు. నేను దిగులుపడినట్టే, అచ్చం అట్లాగే. అత్త ఎత్తుకోబోయింది, వాడు కెవ్వుమన్నాడు. హాలంతా తిరిగి చూసింది. ప్రిన్సిపాల్ గారు చెప్పింది ఇదే కదా అనిపించింది. కానీ ఇంత దూరం వచ్చాను, ఆ కారులో వచ్చాను! వాణ్ణి చంకనేసుకుని మైకు దగ్గరికి పోయాను. ఆనాడు డేరాల్లో నడిచిన ఆఫీసుల గురించి, వాటిలో పనిచేస్తూ గాలొచ్చినప్పుడు ఒక చేత్తో గుంజ, ఇంకో చేత్తో ఫైలు పట్టుకున్న మా తాత గురించి చెప్పాను. గాలి వచ్చిందన్నప్పుడు జోయల్ "ఉఫ్" అని మైకులో ఊదాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వాడు ఇంకోసారి ఊదాడు. నేను చివరి మాట దాకా చెప్పాను.

ప్రశ్నలప్పుడు రచ్చ మొదలైంది. ఒకాయన కతంజారోయే అసలు రాజధాని అన్నాడు. లూచియా లేచి రెజ్జో అంది. వెనక వరసల నుంచి ఇంకో నలుగురు లేచారు. అత్త కుర్చీలో సర్దుకుని కూర్చుంది, ఇంటికొచ్చినంత హాయిగా. "భాష రాకపోయినా అంతా తెలుస్తాండాది మే. అచ్చం మనోళ్లే!"

వాళ్లను చల్లార్చడానికి నిర్వాహకుడు నన్ను అడిగాడు, మీ కర్నూలు మళ్లీ రాజధాని అవుతుందా అని. నేను మైకు సర్దుకుంటుంటే, "ఏమడుగుతాండాడు?" అంది అత్త. చెప్పాను. ఆమె అక్కడి నుంచే చెయ్యెత్తి చెప్పింది.

"బోర్డు మారినాక చూద్దాం!"

తర్జుమా చేశాను. రెజ్జో వాళ్లూ కతంజారో వాళ్లూ కలిసి బల్లలు చరిచారు. ఆ రోజు ఆ రెండు ఊళ్లూ ఒప్పుకున్న మాట అదొక్కటే.

వేంపల్లె

ఇంటికొచ్చాక ప్రిన్సిపాల్ గారికి ఫొటో చూపించాను, చంకలో పిల్లవాడు, ముందు మైకు. ఆయన చాలాసేపు చూసి, "పిల్లోడు బాగా మాట్లాడినాడా?" అన్నారు. ఊదాడని చెప్పాను.

నా అట్టముక్క కనబడలేదు. సంచులన్నీ వెదికాను. హాల్లోనే పోయిందనుకున్నాను. మొన్న ఆదివారం వేంపల్లెకు పోతే అది మా అత్త ఇంటి వీధి తలుపు పైన మేకుకు వేలాడుతోంది. పక్కనే ఎండిపోయిన ఎర్రగడ్డల జడ.

"ఏమత్తా ఇది?"

"బోర్డు" అంది. "మారె గదా."

చర్చి నుంచి వచ్చేవాళ్లు ఆగి చదవబోతున్నారు. జోయల్ లోపలి నుంచి కుర్చీ ఈడ్చుకొచ్చి, సరిగ్గా దాని కింద వేసుకుని కూర్చున్నాడు. అన్నానికి పిలిచాను.

"దిగను" అన్నాడు.